భోజనపంక్తిలో దైవశాస్త్రము

దైవశాస్త్రము నభ్యసించు క్రైస్తవులు సామాన్యముగా చేయు పొరపాట్లెవ్వియని యొక మిత్రుడు నన్నడిగెను. ఆయన క్రైస్తవుడు, నేనును క్రైస్తవుడనే. ఇరువది సంవత్సరములుగా బడిలో పిల్లలకు తెలుగు చెప్పుచు, చిన్నతనమున చదివిన సంస్కృతమును, పిదప నేర్చిన ఇంగ్లీషును తోడు చేసికొని బైబిలును, దాని వ్యాఖ్యానములను చదువుచున్నాను. గ్రంథములను ముందు పెట్టుకొని పది పొరపాట్లను ఏకరువు పెట్టుట నాకు కష్టము గాదు. కాని ఆ పదింటికిని తల్లివేరు వంటి తప్పొకటి కలదు. దానిని నేను గ్రంథములలో గాక యొక పెండ్లివిందులో కనుగొంటిని.

కొన్ని సంవత్సరముల క్రిందట కృష్ణాతీరమందలి యొక గ్రామములో మా దూరబంధువుల యింట వివాహము జరిగెను. అంతకు ముందు ఆదివారమున ఆ యూరి సంఘపు పెద్ద యొకరు దేవాలయములో ప్రసంగించిరి. మనుష్యుడు తన పుణ్యకార్యములవలన గాక విశ్వాసమువలననే దేవుని యెదుట నీతిమంతుడుగా నెంచబడునన్నది విషయము. నేను వినిన మంచి ప్రసంగములలో నదియొకటి. బుధవారమున పెండ్లి. పందిరిలో బంతులు సాగుచుండగా, ముప్పది యేండ్లుగా ప్రతి శనివారమును ఆ దేవాలయమును చిమ్మి కడుగుచున్న వృద్ధురాలు మనుమనితో కూడ వచ్చినది. ఆమెను పందిరిలోనికి రానీయక పెరటిలో పశువుల కొట్టము ప్రక్క విస్తరి వేసిరి. అప్పటికి తొమ్మిదేండ్ల పిల్లయైన మా అమ్మాయి నా చెవిలో, "నాన్నగారూ, గుడిలో ఆమె మన ప్రక్కనే కూర్చుంది గదా, ఇక్కడ ఎందుకు కూర్చోలేదు?" అని యడిగినది. తరువాత చెప్పెదనంటిని. విందు ముగిసిన పిమ్మట ఆ ప్రశ్ననే నేను పెద్దగారి నడిగితిని. ఆయన నొచ్చుకొనలేదు. చిరునవ్వు నవ్వి, "మాస్టారూ, రక్షణ వేరు, సంబంధము వేరు. చదువుకొన్నవారు, మీకు తెలియనిదేమున్నది?" అనిరి. నేను మారుపలుకక ఆకుచెక్క పుచ్చుకొని యిల్లు చేరితిని.

రక్షణ వేరు, సంబంధము వేరు! మన తప్పులన్నిటికిని తల్లివేరిదియే. ఈ మాట పలికినవారు శాస్త్రము తెలియనివారు కారు. ఆదివారమునాడు నాకంటె చక్కగా బోధించినవారు. పలికినది వాదముకొరకు గాదు. సూర్యుడు తూర్పున నుదయించునన్నంత నిశ్చింతగా పలికిరి. అందుచేతనే దీనిని విచారింపవలసియున్నది.

మొదట ఆ పెద్దగారి ప్రసంగవిషయమునే తీసికొందము. విశ్వాసమూలమైన నీతిని గూర్చిన సిద్ధాంతము ఎచ్చట పుట్టినది? పౌలు గలతీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయమును చదువుడు. అంతియొకయ పట్టణములో పేతురు అన్యజనులైన విశ్వాసులతో కలిసి భోజనము చేయుచుండెను. యెరూషలేమునుండి యాకోబు పక్షమువారు కొందరు రాగా వారికి వెరచి లేచిపోయి వేరుగా కూర్చుండెను. తక్కిన యూదులును, తుదకు బర్నబాయును, ఆయన వెంట నడచిరి. పౌలు అందరియెదుట పేతురును నిలువదీసెను. ఈ కథ వెంబడినే, విశ్వాసమువలననే గాని ధర్మశాస్త్రక్రియలవలన నెవడును నీతిమంతుడు కాడను సిద్ధాంతము వచ్చుచున్నది. అనగా మనము వేదికమీద చెప్పు ఆ మహాసిద్ధాంతమును పౌలు ఆ పత్రికలో భోజనపు బల్లయొద్ద పుట్టిన తగవునకు ప్రత్యుత్తరముగా స్థాపించెను. పందిరిలో నెవరు కూర్చుండవలెను, పెరటిలో నెవరు కూర్చుండవలెననునదియే అచ్చటి ప్రశ్న. ఆ ప్రశ్నను త్రోసివేసి సిద్ధాంతమును మాత్రము పట్టుకొనినవాడు, వ్యాధి పేరు మరచి మందుసీసామీది అక్షరములను వల్లించువానివంటివాడు.

ఇంకొక విశేషము చూడుడు. పేతురు నమ్మినది తప్పని పౌలు చెప్పలేదు. పేతురునకు సిద్ధాంతము చక్కగా తెలియును. యొప్పేలో మూడుసార్లు దర్శనము చూచినవాడాయన. కైసరయలో కొర్నేలీ యింట అడుగుపెట్టి, దేవుడు పక్షపాతి కాడని తన నోటనే యొప్పుకొన్నవాడాయన. నమ్మిక సరిగానే యున్నది, నడత తప్పినది. పౌలు దృష్టిలో ఆ నడతలోని వంకర సువార్త సత్యమునకే తగిలిన దెబ్బ. మన దృష్టిలోనో, అది మర్యాదకు సంబంధించిన చిన్నవిషయము. అపొస్తలునకు దొరకని మినహాయింపు మన గ్రామపెద్దలకు ఎట్లు దొరకెనో నాకు తెలియరాకున్నది.

ఇక చదువు పద్ధతికి వత్తము. మనవారు బైబిలును వాక్యములుగా త్రుంచి గోడకు వ్రేలాడగట్టుదురు; వాక్యము ముందేమున్నదో, వెనుక నేమున్నదో చూడరు. రక్షణ క్రియలవలన గాదని ఎఫెసీయుల పత్రికలో చూపింతురు. మరుసటి వాక్యముననే, సత్క్రియలు చేయుటకే మనము సృజింపబడితిమని యున్నది చదువరు. మన దేశమున మీమాంసకులు ఒక గ్రంథముయొక్క తాత్పర్యమును నిర్ణయించుటకు ఆరు గుర్తులు చెప్పిరి. ఎట్లు మొదలై యెట్లు ముగిసినది, దేనిని మరల మరల చెప్పినది, క్రొత్తగా చెప్పినదేమి, చూపిన ఫలమేమి, దేనిని పొగడి దేనిని తెగడినది, యే యుక్తులతో సమర్థించినది. ఈ యారింటిని కలిపి చూచినగాని తాత్పర్యము తేలదు. ఈ పరీక్షను గలతీయుల పత్రికకు పెట్టుడు. వాదము మొదలైనది కలసి తినకపోవుటనుండి. మరల మరల చెప్పినది యూదుడని గ్రీసుదేశస్థుడని, దాసుడని స్వతంత్రుడని భేదము లేదని. విశ్వాసము ప్రేమవలన పనిచేయవలెననుట యుక్తి. ఒకరి భారము లొకరు భరించుట ఫలము. సున్నతియు కాదు, సున్నతి లేకపోవుటయు కాదు, నూతనసృష్టియే ముఖ్యమని ముగింపు. ఇందులో రక్షణ వేరు, సంబంధము వేరు అనుమాటకు చోటెక్కడ? క్రైస్తవులైన పండితులు మీమాంసకుల సూత్రము నంగీకరింపకున్నను, పత్రికను మొదటినుండి తుదివరకు నొకసారి చదివిన చాలును.

కొందరు, "యేసు ఆత్మలను రక్షించుటకు వచ్చెను గాని పంక్తులను సంస్కరించుటకు రాలేదు" అందురు. మంచిది. తప్పిపోయిన గొఱ్ఱె, పోయిన నాణెము, తప్పిపోయిన కుమారుడు అను మూడు కథలను మన పిల్లలందరు నెరుగుదురు. ఆ కథలను ఆయన ఎందుకు చెప్పెను? పాపులను చేర్చుకొని వారితో కలసి భోజనము చేయుచున్నాడని శాస్త్రులును పరిసయ్యులును సణిగినప్పుడు వారికి సమాధానముగా చెప్పెనని లూకా స్పష్టముగా వ్రాసెను. ఆత్మల రక్షణను గూర్చి మనము నిత్యము చెప్పు కథలుకూడ పంక్తిని గూర్చిన నిందకు బదులుగా పుట్టినవే. కొరింథులో ప్రభురాత్రి భోజనమునకు కూడినప్పుడు కలవారు ముందుగా తిని త్రాగి మత్తులగుచుండగా లేనివారు ఆకలితో నుండిరి. పౌలు దానిని ప్రభువు భోజనమనుటకే యొప్పుకొనలేదు. మనము ఆ యధ్యాయమును ప్రతి సంస్కారసమయమునను చదువుదుము. చదివి, మన రహస్యపాపములను తలచుకొందుము. ప్రక్కవాని ఆకలిని తలచుకొనము.

మరికొందరు మెత్తగా మాటలాడుదురు. "మీరు చెప్పినది నిజమే, కాని యిది మెల్లమెల్లగా పోవలసినది. సంఘములో బలహీనులున్నారు, వారిని నొప్పింపరాదు" అని. ఈ మెత్తని మాటయొక్క చరిత్ర కొంచెము తెలిసికొనదగినది. దక్షిణాఫ్రికాలోని డచ్చి సంస్కృత సంఘము 1829లో, వర్ణభేదము లేక అందరికిని ఒక్కచోటనే ప్రభుభోజన మియ్యవలెనని నిర్ణయించెను. 1857లో ఆ సంఘపు మహాసభయే, కలసి యారాధించుట వాక్యానుసారమైనదని యొప్పుకొనుచునే, కొందరి బలహీనతనుబట్టి నల్లవారికి వేరు మందిరము నేర్పరుపవచ్చునని తీర్మానించెను. 1881లో వేరు మందిరము వేరు సంఘమాయెను. 1948లో వర్ణవివక్ష రాజ్యనీతి కాగా, ఆ సంఘపు పండితులు దానికి బైబిలునుండి ప్రమాణములు చూపిరి. వేరుపరుపబడిన సంఘమువారే 1982లో బెల్హారు ఒప్పుకోలును రచించి, 1986లో దానిని తమ విశ్వాసప్రమాణముగా స్వీకరించి, ఈ భేదము సువార్తకే విరోధమని చాటవలసివచ్చెను. "కొందరి బలహీనత" అను మాట నూరేండ్లు గడచులోపలనే ఎంత బలమైనదైనదో చూచితిరా! పౌలు బలహీనులని చెప్పినది సున్నితమైన మనస్సాక్షితో బాధపడువారిని. వారికొరకు బలవంతులు తమ స్వాతంత్ర్యమును తగ్గించుకొనవలెననెను. మనము బలహీనులనునది ఇతరుని పెరటిలో కూర్చుండబెట్టినగాని అన్నము దిగనివారిని. వారికొరకు అవమానింపబడినవాడే ఓర్చుకొనవలెనందుము. గాయపరచినవాడు బలహీనుడు, గాయపడినవాడు బలవంతుడు! ఇట్టి వ్యాఖ్యానము ఏ భాష్యకారునికిని తోచదు, అవసరమునకే తోచును.

మన దేశములో మాత్రము హెచ్చరించినవారు లేకపోలేదు. 1833లో కలకత్తా బిషప్పు డేనియలు విల్సను, సంఘములో కులభేదము పాటింపరాదని దక్షిణదేశపు సంఘములకు ఉత్తరువు పంపెను. తంజావూరిలోను, చెన్నపట్టణపు వేపేరిలోను అనేకులు దాని నెదిరించిరి. కొందరు సంఘమునే విడిచిరి. వారందరు ప్రార్థన చేయనివారు కారు. త్రిత్వమును కాదన్నవారును కారు. పాత్రలోనుండి ఎవరి తరువాత త్రాగవలెననునదియే వారికి దైవశాస్త్రముకంటె పెద్దదాయెను. మన ఒంగోలు కథ మరింత దగ్గరిది. అచ్చట పనిచేసిన క్లౌ దొర, తక్కువ కులమువారిని చేర్చుకొన్నచో పైకులములవారు రారని హెచ్చరింపబడెను. లోకములో నీచులైనవారిని దేవు డేర్పరచుకొనెనను కొరింథీయుల పత్రికలోని వాక్యముచేత తాను నిశ్చయము చేసికొంటినని ఆయన తన స్వీయచరిత్రలో వ్రాసెను. గొప్ప కరవులో బకింగ్‌హాము కాలువ త్రవ్వకమున ఒక భాగమును గుత్తకు తీసికొని పేదలకు పని కల్పించెను. కరవుకాలములో అన్నమునకై వచ్చిరన్న మాట రాకుండుటకై ఆ దినములలో బాప్తిస్మ మియ్యలేదు. పిదప 1878 జూలై 3వ తేదీని ఒక్కదినముననే గుండ్లకమ్మయొద్ద 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో మాదిగలే అధికులు. ఆ దినము మన తెలుగు సంఘచరిత్రలో గొప్పదినమని మనము చెప్పుకొందుము. చెప్పుకొని, వారి మనుమల మనుమరాలికి పెరటిలో విస్తరి వేయుదుము.

ఇందు పైకులములనుండి వచ్చినవారిని మాత్రమే నిందించి తప్పించుకొనుట నా యుద్దేశము గాదు. మాలల సంఘమొకటి, మాదిగల సంఘమొకటి యని ఒకే యూరిలో రెండు గంటలు మ్రోగుచున్న చోట్లు లేవా? క్రైస్తవ వధూవరులను వెదకు ప్రకటనలలో విశ్వాసము ప్రక్కనే కులమును వ్రాయుట మానితిమా? క్రిందివానిని వెదకుకొనుట ఒక్క మెట్టుమీదివాని గుణము మాత్రమే కాదు.

ఈ మాటలు విని యొకరు, "చూచితిరా! ఈ చదువులవలననే యింత తంటా. శాస్త్రము మానివేసి ప్రార్థించుకొందము, ఆత్మయే బోధించును" అనవచ్చును. ఇది మొదటి తప్పునకు కవలపిల్ల. చదువనివానికి బైబిలు అందదని కాదు. మొత్తము చదువనివానికి అధికారి త్రుంచి యిచ్చిన ముక్కయే బైబిలగును. 1807లో లండనులో, పశ్చిమ ఇండియా దీవులలోని బానిసలకొరకు ఒక బైబిలును ముద్రించిరి. అందులో ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యమునుండి బయలువెడలిన కథ లేదు. దాసుడనియు స్వతంత్రుడనియు లేదన్న గలతీయుల వాక్యము లేదు. దాసులు యజమానులకు లోబడవలెనన్న వాక్యములు మాత్రము భద్రముగా నున్నవి. ఆ సంపుటమును కత్తిరించినవారి పనిని మనము కత్తెర లేకయే చేయుచున్నాము. నచ్చిన వాక్యముక్రింద గీత గీయుదుము, నచ్చని పుట త్రిప్పుదుము. కావున పరిహారము చదువు మానుట గాదు, సంపూర్ణముగా చదువుట.

ఆ చదువును బోధకునికి మాత్రమే విడిచిపెట్టుట ఇంకొక తప్పు. మన దేవాలయములలో ఏ ఆదివారము చూచినను స్త్రీలే యెక్కువ. కీర్తనలు వారికి కంఠస్థము. పిల్లలకు మొదటి ప్రార్థన నేర్పువారు వారు. అయినను అర్థము చెప్పుమనినచో, "అమ్మా, అది అయ్యగారి నడుగుము" అందుము. అపొల్లో విద్వాంసుడు, లేఖనములయందు ప్రవీణుడు. అట్టివానికి దేవుని మార్గమును మరింత పూర్తిగా విశదపరచినవారు అకుల, ప్రిస్కిల్ల అను దంపతులని అపొస్తలుల కార్యములలో నున్నది. ఆ విందునాడు మాతో కూర్చుండిన పెద్దలలో నెవ్వరికిని తోచని ప్రశ్న తొమ్మిదేండ్ల ఆడపిల్లకు తోచినదని మరువకుడు.

వాదముల సంగతి చెప్పనేల? నైయాయికులు వాదము, జల్పము, వితండము అని మూడు విధములు చెప్పిరి. సత్యము తెలిసికొనుటకై చేయునది వాదము. గెలుచుటకై చేయునది జల్పము. తనకంటూ పక్షము లేక ఎదుటివానిని ఖండించుటయే పనిగా గలది వితండము. మన సంఘముల మధ్య జరుగునది మొదటిది యెంత, తక్కిన రెండును ఎంత? బాప్తిస్మమునకు నీరు నడుములోతుండవలెనా, దోసెడు చాలునా యని తరతరములుగా పోరాడుచున్నాము. ఆ ప్రశ్న తక్కువదనను. కాని మునిగినవాడును చిలుకరింపబడినవాడును ఒకే విందులో ఒకే వృద్ధురాలిని పెరటికి పంపుటలో ఏకీభవించిరి. నీటి లోతును కొలిచితిమి. నీటిలోనుండి లేచినవాడు ఎవరిప్రక్క కూర్చుండెనో చూడమైతిమి.

ఈ పత్రికను చదువువారిలో క్రైస్తవేతరులును గలరు. వారు దీనిని పొరుగింటి తగవుగా నెంచి నవ్వుకొనకుందురు గాక. సర్వభూతములయందును ఒకే బ్రహ్మము కలదని యుపన్యసించి, ఇంటికిపోయి పనిమనిషికి వేరు గ్లాసు పెట్టువారు ఏ మతమునకు చెందినవారు? సిద్ధాంతము నొక అరలోను, నడతను ఇంకొక అరలోను దాచుట మానవులందరి గృహవిద్య. అయితే ఇతరుల ఇంటనున్న మురికి మన యింటి మురికికి క్షమాపణ గాదు. నేను నా యింటినే చిమ్మ మొదలిడుచున్నాను.

శ్రవణము, మననము, నిదిధ్యాసనము అను మూడు మెట్లను మన పెద్దలు చెప్పిరి. యాకోబు తన పత్రికలో, విని చేయనివాడు అద్దములో ముఖము చూచుకొని వెంటనే మరచిపోవువానివంటివాడని సూచించెను. రెండు చోట్లను సూచన యొక్కటే: విన్నది లోపలికి దిగనంతవరకు విద్య ముగియలేదు. కావున సంఘములలో అభ్యర్థులను పరీక్షించునప్పుడు, పెద్దల నెన్నుకొనునప్పుడు, త్రిత్వమును గూర్చియు రాకడను గూర్చియు అడుగు ప్రశ్నలకు మరియొకటి చేర్చుడని నా ప్రార్థన. "ఈ సంవత్సరమున నీ కులము గాని విశ్వాసి ఎవరైన నీ యింట నీ బల్లయొద్ద భోజనము చేసెనా? నీవు వారి యింట చేసితివా?" రెండవ భాగమును విడువకుడు. పిలిచి పెట్టుట దయయని పించుకొనవచ్చును. పోయి తినుటలోనే సమానత్వము తెలియును.

ఆ వృద్ధురాలు నిరుడు చనిపోయినది. సమాధి వేళకు నేను పోయితిని. పెద్దగారు పునరుత్థానమును గూర్చి చక్కగా మాటలాడిరి. ఆ ముప్పది యేండ్లలో ఆమె యేనాడైన ఆయన పందిరిలో కూర్చుండలేదు. ఆయన మాట యట్లుండనిండు, నా యింటను కూర్చుండలేదు. పిలువవలెనని ప్రతి క్రిస్మసునకు ననుకొంటిని. అనుకొనుట నా దైవశాస్త్రము. పిలువకపోవుట నా జీవితము. తరువాత చెప్పెదనని నా కుమార్తెకిచ్చిన మాట చెల్లించుటకే యీ వ్యాసము వ్రాసితిని. మొన్న దీనిని ఆమెకు చదివి వినిపించితిని. ఆమె అంతయు విని, "ఆ మనుమడు ఊళ్లోనే ఉన్నాడు గదా, నాన్నగారూ?" అని మాత్రమన్నది. ఈ ఆదివారము మేమిద్దరము వారి యింటికి భోజనమునకు పోవుచున్నాము.